మంత్రిగారి మేనల్లుడు

భద్రాచల రామదాసు కథ తెలియని తెలుగువారుండరు. నేలకొండపల్లి గోపన్నకు తహసీలుదారు పదవి రావడం, వసూలైన శిస్తుతో ఆయన రామాలయం కట్టించడం, గోలకొండ చెరసాల, చివరకు రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షల వరహాలు చెల్లించడం. ఈ కథలో ఒక చిన్న మాట దగ్గర మనం ఎప్పుడూ ఆగము. గోపన్నకు ఆ ఉద్యోగం మేనమామలైన అక్కన్న, మాదన్నల చలువ వల్ల వచ్చిందని కథ చెప్పేవారే చెబుతారు. వినేవారెవరూ దానిని ఆక్షేపించరు.

ఆ మేనమామలది హనుమకొండ ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబం. లెక్కలు రాసే కొలువుతో మొదలైనవారు. 1672లో అబ్దుల్లా కుతుబ్ షా మరణించినప్పుడు ఆయన అల్లుళ్లలో చిన్నవాడైన అబుల్ హసన్, అంటే మన తానీషా, సయ్యద్ ముజఫర్ అండతో గద్దెనెక్కాడు. ఆ ముజఫర్ దగ్గరే మాదన్న పనిచేసేవాడు. తనకు రాజ్యమిచ్చిన ముజఫర్ పెత్తనం భరించలేని సుల్తాను, రెండేళ్లు తిరగకుండానే మాదన్న తోడ్పాటుతో అతనిని తప్పించాడు. అధికారం మాదన్న చేతికి వచ్చింది. ఆ వెనుకనే అన్న అక్కన్నకు ఉన్నత పదవి, రుస్తుంరావు అనే బిరుదు గల మరొక బంధువుకు సేనానాయకత్వం లభించాయి. శిస్తు వ్యవహారాలలో వారి మనుషులు నిండారు.

దీనిపై నాడే గొణుగుడు ఉంది. గోలకొండ రాజ్యంలో పనిచేసిన డచ్చి కంపెనీ ఉద్యోగి డేనియల్ హావర్ట్ 1693లో ప్రచురించిన గ్రంథంలో ఈ సోదరుల ఏలుబడిని కటువుగానే చిత్రించాడు. దర్బారులోని పాత అమీర్ల అసూయ సరేసరి. అయితే వారి అభ్యంతరం బంధుప్రీతి మీద కాదని నా అభిప్రాయం. సుల్తానే అల్లుడిగా సింహాసనం పొందినవాడు. తమ వాళ్లున్న చోట వీళ్ల వాళ్లు చేరారన్నదే వారి బాధ.

మరొక సంగతి కూడా ఉంది. గోలకొండలో పరగణాలను వేలం వేసి ఇజారాకు ఇచ్చే ఆచారం చాలాకాలం నడిచింది. 1618 తర్వాత మచిలీపట్నంలో కొన్నేళ్లున్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్వల్డ్ దీనిని వర్ణించాడు. ఎక్కువ పాడినవాడికి పదవి. గడువులోగా సొమ్ము కట్టకపోతే శిక్ష. అలాంటి చోట నమ్మదగినవాడంటే మేనల్లుడే అని మంత్రికి తోచి ఉండవచ్చు. నేను సమర్థించడం లేదు. శిస్తు కట్టే రైతుకు వేలం పాడినవాడైనా, మేనల్లుడైనా ఒకటే.

1686లో మొగలుల దండయాత్ర నడుమ అన్నదమ్ములిద్దరినీ గోలకొండ వీథిలోనే చంపారు. బంధుత్వంతో అల్లుకున్న అధికారం ఒక్క రాత్రిలో తెగిపోయింది. మరుసటి ఏడు, 1687 సెప్టెంబరులో, కోట ఔరంగజేబు వశమైంది.

ఇప్పుడు గోపన్న దగ్గరకు వద్దాం. ఆయన పన్నెండేళ్లు చెరలో ఉన్నాడని ఐతిహ్యం. మాదన్న అధికారంలో ఉన్నది సుమారు 1674 నుంచి 1686 వరకు, అదీ పన్నెండేళ్లే! మేనమామ మంత్రి అయ్యాక ఉద్యోగమిచ్చి ఉంటే, గోపన్న శిస్తు వసూలు చేసిందెప్పుడు, గుడి కట్టించిందెప్పుడు, చెర ముగిసిందెప్పుడు? ఉద్యోగం అంతకు ముందే వచ్చిందనుకుంటే, అప్పటికి మాదన్న మంత్రి కాడు. ఏదో ఒక ముడి విప్పక తప్పదు. పన్నెండన్నది పురాణాల అలవాటు సంఖ్య కనుక నేను దానినే సడలిస్తాను. అయినా ప్రశ్న మిగిలే ఉంటుంది. పదవి ఇప్పించగలిగిన మేనమామలు చెర విడిపించలేకపోయారా? లేక విడిపిస్తే తమ మెడకు చుట్టుకుంటుందని ఊరుకున్నారా? రెండవదే నిజమని నాకు అనిపిస్తుంది. ఖజానా సొమ్ము విషయంలో సొంత మేనల్లుడిని వెనకేసుకొస్తే, కాచుకుని ఉన్న అమీర్లకు అంతకంటె ఏం కావాలి?

రామదాసు తన కీర్తన ఒకదానిలో ఏ నగకు ఎంత పట్టిందో దేవుడికే లెక్క అప్పగించాడు. ఎంత భక్తుడైనా లెక్కలు రాసే ఇంటివాడు కదా! సీతమ్మ నగ, లక్ష్మణుడి నగ, అన్నీ అందులో ఉన్నాయి. ఆ వరహాలు ఏ ఊరి రైతులు కట్టినవో మాత్రం ఆయన రాయలేదు.