వేపమండ కట్టిన వాకిలి

ఇంగ రెండు పుల్లలు ఎగదొయ్ అబ్బీ, పొగంతా నా మొగానికే వస్తాంది. అమ్మీ, ఆ గోనెపట్ట ఇట్ల లాక్కొని కూర్చో, నేల చల్లగా ఉంటాది. పొద్దున అడిగితివి గదా, కరోనా వచ్చిన కొత్తల్లో ఎట్ల బతికితిరి తాతా అని. అప్పుడు నువ్వు చిన్నబిడ్డవి, నీకేం జ్ఞాపకం ఉంటాది. చెప్తా. కానీ కరోనా కాడ మొదలుపెడితే మన పావగడ సంగతి మీకు అర్థం కాదు. మా అవ్వ కాడినుంచి రావాల.

మా అవ్వ అంటే మా నాయన వాళ్ళమ్మ. ఆమె కాలానికి మనది మైసూరు మహారాజు రాజ్యం. ఆ పక్క మడకశిర, హిందూపురం తెల్లోళ్ళ మద్రాసు కింద. 1896లో బొంబాయిలో లేచిన ప్లేగు రైలెక్కి వచ్చి 1898లో బెంగుళూరులో దిగింది. అప్పటినుంచి ఏండ్ల తరబడి మైసూరు రాజ్యంలో ఒక ఊరు కాకపోతే ఇంగొక ఊరు. అవ్వ చెప్పేది, ముందు ఎలుకలు పడతాయంట. తాగినోని మాదిరి తూలుకుంటా అటక దిగొచ్చి, పట్టపగలే నడింట్లో పడి చస్తాయంట. ఎలుక పడిందంటే ఇంగ పెద్దమనుషులు కూడి మాట్లాడుకునేది ఏమీ లేదు. గింజలు, కుండలు, గొడ్లు, పిల్లోళ్ళు అన్నీ తీసుకొని ఊరికి ఊరే చేన్లకు పొయ్యేది. ఆడ బోదకొట్టాలు వేసుకొని నెలల తరబడి ఉండేది.

గజ్జల్లోనో చంకలోనో గడ్డ లేచినోళ్ళ కొట్టం ఇంగొంచెం అవతలికి వేసేవాళ్ళు. అయితే ఆ కొట్టానికి పొద్దన, మాపిటేళ సంగటి పొయ్యేదంట. ఎవరు తీసుకొని పోతారు అవ్వా, భయం లేదా అంటే, ముందొకసారి గడ్డ లేచి బతికి బయటపడినోళ్ళు పోతారురా అనేది. ముద్ద పెట్టి, నీళ్ళ ముంత పెట్టి, వాడు కంటికి కనపడేదాకా నిలబడి, రెండు మాటలు మాట్లాడి వచ్చేవాళ్ళంట. ఈ ఒక్క సంగతి అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో. మిగతా కథలు మార్చి మార్చి చెప్పేది గానీ, దీన్ని మాత్రం ఎప్పుడూ ఒకే మాదిరి చెప్పేది.

1918లో వచ్చిన విషజ్వరం గురించి మాత్రం ఎక్కువ మాట్లాడేది కాదు. ఆ ఏడు వాన గూడా మొండికేసింది. జ్వరమూ కరువూ ఒకేసారి పడినాయి. దేశం మొత్తం మీద కోటీ ఇరవై లక్షల మందికి పైన పోయినారని తర్వాత లెక్కలు కట్టినారు. మా అవ్వ బిడ్డలు ఇద్దరు ఆ లెక్కలో ఉండారు.

నా కండ్లతో చూసింది అమ్మవారు. మసూచి అంటారే, అది. మా చిన్నాయన కొడుక్కి పోసింది. తలవాకిలికి వేపమండ కట్టినారు. ఆ మండ చూస్తే ఎంతటోడైనా గడప దాటడు. చుట్టం వచ్చినా అరుగు కిందనే నిలబడి కేకేసి పలకరించేది. తెచ్చిన మజ్జిగో బెల్లమో అరుగు మీద పెట్టి వెనక్కి జరిగితే, లోపలోళ్ళు వచ్చి తీసుకునేది. లోపల పిల్లోణ్ణి వేపాకుల మీద పండుకోబెట్టి, ఇంట్లో తాలింపు పెట్టకుండా, ఘాటు రానీకుండా చూసుకునేది. వీధిలో ఎవరన్నా గట్టిగా అరిస్తే పెద్దోళ్ళు గదమాయించేవాళ్ళు, అమ్మ ఇంట్లో ఉంది గమ్మునుండండ్రా అని. జబ్బు ఉన్న ఇంటికి అంత మర్యాద. ఇదో చూడు, నా భుజం మీద ఈ మచ్చ టీకాది. ఆ టీకాల పుణ్యాన 1975 తర్వాత దేశంలో మసూచి అనేది లేదు.

అట్లని మనోళ్ళు అందరినీ బాగా చూసినారు అనుకునేరు. కుష్టు వచ్చినోళ్ళను చూసింది లేదు. ఊరి బయట మండపాల్లో, గుడి మెట్ల కాడ పడి ఉండేవాళ్ళు. వాళ్ళకు వేపమండా లేదు, సంగటీ లేదు. పావగడలో శ్రీరామకృష్ణ సేవాశ్రమం పెట్టిన జపానంద స్వామి వాళ్ళ పుండ్లు కడిగించి, కట్లు కట్టించి, మందిచ్చి నిలబెట్టినాక గదా ఈ తాలూకాలో జనానికి కండ్లు తెరుచుకునింది. ఆ ఆశ్రమం వాళ్ళు క్షయకూ చూసినారు, కండ్ల ఆపరేషన్లూ చేసినారు. జబ్బు మనిషిని ముట్టుకోవచ్చునని మనకు చూపించినోళ్ళు వాళ్ళు.

ఇంగ కరోనా సంగతికి వస్తా.

2020 మార్చి. 22వ తేదీ ఆదివారం జనతా కర్ఫ్యూ అన్నారు, సాయంత్రం ఐదు గంటలకు తట్టలు కొట్టమన్నారు, కొట్టినాము. మంగళవారం రాత్రి ఎనిమిదికి టీవీలో ప్రధానమంత్రి వచ్చి, ఈ అర్ధరాత్రి నుంచి 21 దినాలు ఎవరూ గడప దాటొద్దు అన్నాడు. తెల్లారితే ఉగాది. బెంగుళూరులో ఉండే మన పిల్లోళ్ళు, గార్మెంట్సులో కుట్టేవాళ్ళు, హోటళ్ళలో, బిల్డింగు పనుల్లో ఉండేవాళ్ళు, కొందరు పండగకని ముందే వచ్చేసినారు. కొందరు ఆడనే చిక్కుకొనిరి. కొందరు నడిచినారు. శుక్రవారం, 27వ తేదీ, మన జిల్లాలోనే సిరా తాలూకా మనిషి ఒకాయన కరోనాతో పోయినాడని వార్త వచ్చింది. ఢిల్లీకి రైల్లో పోయి వచ్చినాడంట. అంతదాకా చైనా, ఇటలీ అంటా ఉండినోళ్ళకు జబ్బు పొలిమేరకు వచ్చినట్లయింది. సర్కారు అప్పుడు బయటికి తీసిన చట్టం ఏదో తెలుసునా? మా అవ్వ కాలంలో ప్లేగు కోసరం 1897లో తెల్లోళ్ళు చేసిన చట్టమే.

మన తాలూకా పటం ఎప్పుడన్నా చూసినారా? ఆంధ్రా నోట్లో పెట్టుకున్న ముద్ద మాదిరి ఉంటాది. చుట్టూ దాదాపు ఆంధ్రానే. మధుగిరి మీద తుమకూరుకు పోవాలన్నా నడుమ ఆంధ్రా తొక్కాల్సిందే. మాట తెలుగు, కాగితం కన్నడ. ఆడబిడ్డను ఇచ్చింది ఆ పక్క, కోడల్ని తెచ్చుకునింది ఆ పక్కనుంచి. జ్వరమొస్తే హిందూపురం, గుండె జబ్బయితే పుట్టపర్తి పెద్దాసుపత్రి, చింతపండు అమ్మాలంటే హిందూపురం మార్కెట్టు. గెట్టు ఒకటి ఉందని మనకెప్పుడు జ్ఞాపకం, ఓట్లప్పుడు తప్ప? ఆ మార్చిలో గెట్టు లేచి నిలబడింది. పెద్ద రోడ్డు మీద పోలీసులు. చిన్న దారులకు ఏ ఊరోళ్ళు ఆ ఊరే అడ్డం మట్టి పోసి, కంపచెట్లు కొట్టి పడేసినారు. హిందూపురంలో కేసులు ముందుగానే లేచినాయి గదా, అందుకని ఈ పక్కోళ్ళకు ఆ పక్కోళ్ళంటే భయం. బెంగుళూరు చుట్టాలు ఉండేది ఈ పక్క గదా అని వాళ్ళకు మనమంటే భయం.

మీ అవ్వకు బీపీ, షుగరు మాత్రలు హిందూపురం డాక్టరు రాసిచ్చినవి. అయిపోయినాయి. పావగడలో అడిగితే అదే పేరుతో దొరకలేదు. మీ పెద్దత్త మడకశిర పక్కన ఉంది గదా, ఆమె మాత్రలు తీసుకొని కంప కాడికి వచ్చింది. నేను ఈ పక్క, ఆమె ఆ పక్క. సంచి కంప మీద నుంచి విసిరితే యాడ చీలిపోతాదో అని ఒక పక్కగా సందు చూసి కిందపెట్టి, పదడుగులు వెనక్కి పొయ్యింది. నేను పోయి తీసుకుంటి. సంచిలో మాత్రల కింద ఉగాదికి చేసిన ఓళిగలు గూడా పెట్టింది, ఎండిపోయి అట్టముక్కలు అయినాయి. కొంగు మూతికి కట్టుకొని, కండ్లు మాత్రం కనపడతా, బాగుండావా నాయనా అనింది. అంత దూరం నుంచి బిడ్డతో గట్టిగా అరిచి మాట్లాడతా ఉంటే, చిన్నాయన ఇంటి అరుగు కిందినుంచి కేకేసే చుట్టాలు కండ్ల ముందర ఆడినారు.

పని సంగతి అడిగితివి. ఉగాది అంటే మనకు చింతపండు కాలం. కాయలు రాల్చి, ఎండబెట్టి, ఇండ్ల కాడ ఆడోళ్ళు కూర్చొని చిన్న సుత్తెతో కొట్టేది. పైపెంకు తియ్యాల, ఈనెలు లాగాల, గింజ తీసెయ్యాల. పండు చెదరకుండా పువ్వు మాదిరి విడిపోతే దాన్ని ఫ్లవర్ అంటారు, ధర వేరే. కరిపులి అయితే ఇంగా మేలు. ఆ ఏడు పండు బాగా ఉండె, మార్కెట్టు లేకపోయె. మే దాకా ఇంట్లో మూటలు. అయినా ఆడోళ్ళు కొట్టేది నిలపలేదు. ఒకరి అరుగు మీద ఒకరు, నడుమ నాలుగు బారలు వదిలి, సుత్తెల చప్పుడులోనే మాటలు. మగోళ్ళకంటే వాళ్ళే నిబ్బరంగా ఉండిరి. చేతిలో పని ఉన్నోళ్ళకు టీవీలో సావుల లెక్క చూసే తీరిక ఉండదు.

మా ముసలోళ్ళ పాటు చెప్పనలవి కాదు. అరవైయ్యైదు దాటినోళ్ళు బయటికి రావద్దన్నారు. రచ్చకట్ట ఖాళీ. నలుగురు కూర్చుంటే పోలీసు జీపు. నలభై ఏండ్లు దినామూ కలిసి బీడీ తాగినోళ్ళము, ఎవరి అరుగు మీద వాళ్ళము. ఎదురింటి ఆయనకు చెవుడు. ఆయనతో నేను మాట్లాడేది ఊరంతటికీ వినపడేది, ఆయన చెప్పేది గూడా అంతే. గుట్టు అనేది లేకుండా పోయింది మాకు. 28వ తేదీనుంచి దూరదర్శన్‌లో పాత రామాయణం మళ్ళా వేసినారు, పొద్దన ఒకసారి, రాత్రి ఒకసారి. హిందీ అయినా చూస్తిమి, కథ తెలిసిందే గదా. శనివారం వస్తే కిటకిటలాడే శనిమహాత్ముని గుడి గూడా మూసినారు. ఆ వీధిలో పూలు, నువ్వులనూనె అమ్ముకొని బతికేవాళ్ళకు ఆ నెలలు ఎట్ల గడిచినాయో వాళ్ళనే అడగాల.

తిండికి మాత్రం మరీ ఇబ్బంది పడలేదు. డిపోలో రెండు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చినారు. వై.ఎన్. హొసకోట పక్క పట్టుచీరలు నేసేవాళ్ళకు నూలు రాక మగ్గాలు నిలిచినాయి. తిరుమణి, వళ్ళూరు పక్క సోలార్ పార్కు ఉంది గదా, 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. ఆ ప్లేట్లకు లాక్‌డౌన్ ఏముంది? ఎండ కాస్తే కరెంటు. ఆడ భూమి ఉన్నోనికి ఎకరాకు ఏడాదికి 21,000 అని మొదలైన గుత్త దుడ్లు ఉండాయి. అదే భూమిలో కలుపు తీసి, శెనక్కాయ పీకి బతికిన కూలోనికి చేనూ లేదు, గుత్తా లేదు, బెంగుళూరూ మూతబడె. ఈ మాట అప్పుడు గట్టిగా అడిగినోళ్ళు తక్కువ. ఇప్పటికీ అడగాల్సిన మాటే అది. వాళ్ళకు అక్కరకు వచ్చింది ఉపాధి పని. ఏప్రిల్ 20 తర్వాత పనులు మళ్ళా మొదలైనాయి. కూలి ఆ నెలనుంచే 249 నుంచి 275కు పెంచినారు. చేని గట్లు, నీటి గుంతలు. ఒక్కో ఇంటికి ఒక్కో తుండు కొలిచి ఇచ్చినారు, దూరం దూరంగా తవ్వుకోమని. గార్మెంట్సులో కుట్టిన మన అమ్మణ్ణులు చేతులు బొబ్బలెక్కేలాగా గడ్డపార పట్టినారు.

బెంగుళూరునుంచి వచ్చినోళ్ళను ఊరు ఎట్ల చూసింది అనేది చెప్పకపోతే ఈ ముచ్చట పూర్తి కాదు. ఒక పిల్లోడు, ఎవరని అడగొద్దండి, నడిచీ, లారీలెక్కీ, మళ్ళా నడిచీ రాత్రిపూట వచ్చినాడు. కాళ్ళు బుగ్గలెక్కి చెప్పులు తొడగలేక చేత పట్టుకొని ఉండాడు. ఊరి ముందర పడుచుపిల్లోళ్ళు కట్టెలు పట్టుకొని కాపలా. లోపలికి రానియ్యమన్నారు. వాళ్ళమ్మ వాకిట్లోనుంచి ఏడుస్తాంది. భయం తప్పనను, దూరం పెట్టేదీ తప్పనను. కానీ ఆ కట్టెలు ఎందుకు? వానిమీద దొంగను అరిచినట్లు అరుపులెందుకు? అప్పుడు ఊర్లో ఒక ముసలామె, నాకంటే పెద్దది, ప్లేగు కొట్టాల కథలు విన్నామె, లేచి వచ్చింది. చేన్లో మోటారు కొట్టం ఉంది గదా, ఆడ పండుకోనీండి, రెండుపూటలా ముద్ద నేను పంపుతా అనింది. అంతే, నోర్లు మూతబడినాయి. అదే తీరుగా ఊరికి వచ్చిన మిగతావాళ్ళకు గూడా కొట్టాలు కుదిరినాయి. మంచం, కుండ, ఫోను ఛార్జి పెట్టుకునేదానికి మోటారు కాడి కరెంటు. పొద్దన సద్ది, మాపిటేళ సంగటి, ఊరిబిండి. గట్టు మీద పెట్టి, వాడు బయటికి వచ్చి తీసుకునేదాకా నిలబడి, జ్వరముందా, దగ్గుందా అని అడిగి వచ్చేవాళ్ళు. గడువు తీరినాక వాడు ఊర్లోకి వచ్చి ముందు ఆ ముసలామె ఇంటికే పోయినాడు. జూన్‌లో వాన పడితే ఆమె చేను వాడే దున్ని శెనక్కాయ వేసినాడు.

వాళ్ళందరి కొట్టాలూ తిరిగింది ఒకామె ఉంది, మన ఆశా కార్యకర్త అమ్మి. రోడ్డు మీద పోలీసులు తప్ప పురుగు తిరగని ఎండల్లో, చేత పుస్తకం పట్టుకొని, ఇల్లిల్లూ తిరిగి ఎవరు వచ్చిరి, యాడినుంచి వచ్చిరి, ఎవరికి జ్వరం అని రాసుకునేది. వచ్చినోళ్ళ పేరు సర్కారుకు చెప్తాందని కొందరు ఆమె మొగాన తలుపు వేసినారు. కడుపుతో ఉన్నోళ్ళను, షుగరోళ్ళను గూడా ఆమే కనిపెట్టుకొని ఉండింది. మీ అవ్వ మాత్రలు అదే మందు, పేరే వేరే అని పావగడ సర్కారు ఆసుపత్రిలో చూపించి తెచ్చిచ్చిందీ ఆమే. ఆ తర్వాతనుంచి కంప కాడికి పోయే పని తప్పింది. ఆ ఏడు జూలైలో కర్ణాటకలో ఆశా వాళ్ళంతా పని ఆపి నెలకు 12,000 ఇయ్యమని కూర్చున్నారు. జబ్బు కాలంలో ఇదేం పని అన్నోళ్ళు ఉండారు మన ఊర్లో. నేను ఒప్పుకోను. అడగాల్సిన కాలం అదే, అడగాల్సినోళ్ళూ వాళ్ళే.

ఆమె ఇప్పుడూ వస్తాంది గదా నెలకొకసారి, అదే పుస్తకం పట్టుకొని. ఈసారి వస్తే వాకిట్లో నిలబెట్టి మాట్లాడొద్దమ్మీ. మంచం వాల్చి కూర్చోబెట్టు, మజ్జిగ ఇయ్యి. ఇంగ లెయ్యండి, ఆ శెనక్కాయలు కాలినాయి, నిప్పులోనుంచి తీయండి.