నడుము నొప్పికి సాక్ష్యమేది?

తూటా గాయాన్ని ఎవరైనా ఒప్పుకుంటారు. నడుము నొప్పి, మెడ నొప్పి అట్లా కాదు, పైకి కనబడవు. మాజీ సైనికుల వికలాంగ పింఛను చరిత్రలో పెద్ద భాగం ఈ కనబడని నొప్పిని కాగితం మీద రుజువు చేసుకోవడానికి పడిన పాట్లే.

రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., తర్వాత పటాన్‌చెరు పారిశ్రామికవాడ, 1984లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చాయి. సైన్యం నుంచి వచ్చిన వారు కొందరు ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల గేట్ల దగ్గర కాపలా ఉద్యోగాల్లో కుదిరారు. సంగారెడ్డిలో గుమస్తాగా ఉన్న రోజుల్లో అటువంటి వారి అర్జీలు కొన్ని రాసిపెట్టాను. ఫిరంగి గుండ్లు మోసినవారు, కొండదారుల్లో లారీలు తోలినవారు. డిస్కు జారి, డ్యూటీ అంతా నిలబడలేక గోడకు ఆనుకునేవారు.

1961 నాటి సైనిక పింఛను నిబంధనలు రెండు షరతులు పెట్టాయి. జబ్బు సైనిక సేవ వల్ల రావాలి, లేదా ముదరాలి; వైకల్యం 20 శాతానికి తగ్గరాదు. వెన్నుపూస అరుగుదల అనగానే "వయసుతో వచ్చినది" అన్న ఒక్క మాటతో అర్జీ తిరిగి వచ్చేది.

ఈ చిక్కును విప్పినది సుప్రీంకోర్టు. 2013 జూలై 2న ధరమ్‌వీర్ సింగ్ కేసులో 1982 నిబంధనలను వివరిస్తూ తీర్పు చెప్పింది. చేరేనాటి వైద్య పరీక్షలో జబ్బు నమోదు కాకపోతే, ఆ జబ్బుతోనే తర్వాత ఇంటికి పంపితే, అది సేవలో వచ్చినదనే భావించాలి. రుజువు భారం సైనికుడిది కాదు. కాదనే మెడికల్ బోర్డు కారణాలు రాయాలి. ఆ కేసు మూర్ఛ వ్యాధిది. సూత్రం మాత్రం వెన్నునొప్పికీ వర్తించేదే.

2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసు తీర్పు మరొక మేలు చేసింది. 50 లోపు శాతాన్ని 50గా లెక్కించే సదుపాయం, పూర్తికాలం పనిచేసి విరమించిన వారికీ దక్కింది. నూరు శాతానికి ఆఖరి జీతంలో 30 శాతం చొప్పున, 20 శాతం వైకల్యానికి వచ్చే 6 శాతం 15 శాతమయింది. చిన్న పింఛను మీద బతికే ఇంటికి ఇది మందుల ఖర్చు.

అయితే 2023 సెప్టెంబరు 21 నుంచి విరమించిన వారికి కొత్త నిబంధనలు వచ్చాయి. పాత తీర్పులే చాలునని వారు ధీమాగా ఉండరాదు.

మన సభ్యుల కుటుంబాలలో మాజీ సైనికులుంటే ఒక మనవి. డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు నకలు, సైనిక ఆసుపత్రి చీటీలు భద్రపరచండి. తిరస్కరణ ఉత్తరమైనా పారేయవద్దు. అప్పీలు దానిమీదనే నడుస్తుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సంప్రదించండి. నొప్పి ఎంత నిజమైనా, ఆఫీసులో మాట్లాడేది కాగితమే.