అజంతా గోడల నుంచి రాజ్యాంగ ప్రతి దాకా

పరిశోధన అనగానే మీ కళ్ళ ముందు ప్రయోగశాల మెదులుతుంది. బొమ్మ వేయడానికి కూడా పరిశోధన కావాలంటే ఆశ్చర్యపోతారేమో! ‘బొమ్మ మనసులోంచి రావాలి కదా, పరిశోధించి వేసేదేమిటి?’ అని మీరు అడగవచ్చు. దీనికి సమాధానం అజంతా గుహల చరిత్రలో దొరుకుతుంది.

నేడు మహారాష్ట్రలో ఉన్న అజంతాలో సుమారు 30 గుహలున్నాయి. వాటి గోడల మీది చిత్రాల్లో ఎక్కువ భాగం క్రీ.శ. 5వ శతాబ్దానివి. 1819లో జాన్ స్మిత్ అనే బ్రిటిష్ సైనికాధికారి కంటపడ్డాక ఈ గుహల సంగతి లోకానికి తెలిసింది. అప్పటికే చిత్రాలు పెచ్చులూడుతున్నాయి. మిగిలినవాటికి నకళ్ళు తీయడానికి 1844లో మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్‌ను నియమించారు. ఏళ్ళ తరబడి ఆయన వేసిన నకళ్ళలో చాలా భాగం 1866లో లండన్ క్రిస్టల్ పాలెస్ అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి. 1872-85 మధ్య బొంబాయి ఆర్ట్ స్కూలుకు చెందిన జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో మళ్ళీ నకళ్ళు వేయించారు. వాటిలో కూడా అనేకం 1885లో లండన్ మ్యూజియంలో కాలిపోయాయి.

ఇంతకన్నా విచారకరమైన విషయం మరొకటుంది. రంగులు స్పష్టంగా కనిపించాలని ఆ రోజుల్లో అసలు చిత్రాల మీదే వార్నిష్ పూశారు. కాలక్రమాన ఆ వార్నిష్ పసుపెక్కి చిత్రాలను మసకబార్చింది. చూశారా, తెలుసుకోవాలన్న తపన ఒక్కటే చాలదు. పరిశీలించే వస్తువుకు హాని కలగనివ్వకూడదన్న జాగ్రత్త కూడా ఉండాలి.

1909 చలికాలంలో క్రిస్టియానా హెరింగ్‌హామ్ అనే బ్రిటిష్ చిత్రకారిణి నకళ్ళ కోసం అజంతా వచ్చారు. సుమారు 600 ఏళ్ళ క్రితం ఇటలీ చిత్రకారుడు చెన్నినో చెన్నిని రాసిన చిత్రకళా గ్రంథాన్ని ఆమె 1899లో ఇంగ్లీషులోకి అనువదించారు. అనువాదంతో ఊరుకోలేదు. అందులో చెప్పినట్లే రంగుపొడిని గుడ్డుసొనలో కలిపి, స్వయంగా బొమ్మలు వేసి చూశారు.

ఆమెకు సాయంగా కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ తదితర యువ చిత్రకారులు వెళ్ళారు. అప్పట్లో అజంతా నిజాం రాజ్యంలో ఉండేది. హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్ కూడా ఈ పనిలో పాలుపంచుకున్నారు. నందలాల్‌కు అప్పుడు 27 ఏళ్ళు. ఊరికే చూసి వెళ్ళేవారికి అందమే కనిపిస్తుంది. నకలు తీసేవారు మాత్రం ప్రతి గీతనూ ప్రశ్నించాలి. గీత ఎక్కడ లావైంది, ఎక్కడ సన్నబడింది? ఇంతమంది గుంపులో ముఖ్యవ్యక్తి మీదికే చూపు ఎందుకు పోతోంది? నందలాల్‌కు అజంతాయే పాఠశాల అయింది.

ఇంతకీ ఈ చిత్రాలను ఎలా వేశారు? 1930లలో మద్రాసు మ్యూజియం రసాయన శాస్త్రవేత్త ఎస్. పరమశివన్ వంటివారు వీటిని పరీక్షించారు. గరుకు రాతి మీద పీచూ, ఊకా కలిపిన మట్టిపూత వేశారు. దానిపై పల్చగా సున్నం పూశారు. ఐరోపాలోని ఫ్రెస్కోల్లా తడి సున్నం మీద కాక, ఆరిన గోడ మీద జిగురు కలిపిన రంగులతో బొమ్మలు గీశారు. ఎరుపు, పసుపు మట్టి నుంచీ, నలుపు దీపపు మసి నుంచీ వచ్చాయి. నీలిరాయి మాత్రం ఆఫ్ఘనిస్థాన్ ప్రాంతం నుంచి వచ్చింది.

ఇలా నేర్చిన విద్యతో నందలాల్ ఏం చేశారు? 1917లో జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో స్థాపించిన విజ్ఞాన మందిరానికి కుడ్యచిత్రాలు వేశారు. 1938లో గాంధీజీ కోరికపై హరిపురా కాంగ్రెస్ మహాసభకు చిత్రాలు సిద్ధం చేశారు. వాటిలో అజంతా రాజకుమారులు లేరు. డోలు వాయించేవారూ, వడ్రంగులూ, ఇంటిపనుల్లో ఉన్న స్త్రీలూ ఉన్నారు. బలమైన గీత, మట్టి రంగులు మాత్రం మనకు అజంతాను గుర్తుచేస్తాయి.

ఆ తరువాత శిష్యులతో కలిసి భారత రాజ్యాంగం చేతిరాత ప్రతిని అలంకరించారు. రాజ్యాంగ సభ సభ్యులు 1950 జనవరి 24న దానిపై సంతకాలు చేశారు. ఆ ప్రతి మొదటి భాగంలో మొహెంజొదారో ఎద్దు ముద్ర కనిపిస్తుంది. 1920లలో తవ్వకాలు జరగకపోతే ఆ బొమ్మకు ఆధారమే ఉండేది కాదు! పురావస్తు శాస్త్రజ్ఞులు వెలికితీసిన దాన్ని చిత్రకారులు కొత్త దేశపు కథకు తొలి బొమ్మగా మలిచారు.

మంటలు నకళ్ళను కాల్చేశాయి. అజంతా గోడలు ఇప్పటికీ శిథిలమవుతూనే ఉన్నాయి. అర్థం చేసుకుని చేతికి తెచ్చుకున్న విద్య మాత్రం మరో తరానికి అందింది.

మీరు కూడా ప్రయత్నించవచ్చు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్ళున్నాయి. అంత దూరం వెళ్ళలేకపోతే మీ ఊరి పాత గుడి స్తంభమైనా సరే. నోటుపుస్తకం, పెన్సిలు తీసుకువెళ్ళండి. దేన్నీ తాకకుండా, తడపకుండా ఒక్క బొమ్మను గీయండి. దేనితో చేశారు, ఎందుకలా చేశారు అని పక్కనే రాసుకోండి. తెలియనివి పెద్దలనూ, పుస్తకాలనూ అడగండి. ఆ తరువాత నోటుపుస్తకం మూసి, మీ వీధిలోని మనుషుల బొమ్మ వేయండి.