డీసీఎం కదిలేలోపు

ఆషాఢం ఆదివారం. సాయంత్రం నాలుగున్నర. పద్మారావు నగర్, స్కందగిరి గుడికి దగ్గర్లో ఓ సందు. మబ్బు నల్లగా కమ్మేసింది. ఎక్కడో బోనాల డప్పు. గేటు ముందు డీసీఎం ఆగి ఉంది. పైవాటాలో సామానంతా ఎక్కించేశారు. మిగిలినవి రెండే అట్టపెట్టెలు.

"ఇవి బెంగళూరుకి మోయలేను. ఒకటి నీది. రెండోది పక్కింటి బాబుకి మాటిచ్చా. ముందు నువ్వు తీసుకో. బండి కదిలేలోపు చెప్పెయ్" అన్నాడు పైవాటా అన్న.

డిగ్రీ పరీక్షలు అప్పుడే అయిపోయిన అమ్మాయి పెట్టెల ముందు చతికిలబడింది. మొదటిది తెరిచింది. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్. ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ నుంచి ఐదు పుస్తకాలు. రెండోది తెరిచింది. రాబర్ట్ జోర్డాన్. ‘ద వీల్ ఆఫ్ టైమ్’, పద్నాలుగు. కలరా ఉండల ఘాటు గుప్పుమంది. కింద డ్రైవర్ హారన్ కొట్టాడు.

మనసు మార్టిన్ వైపే లాగింది. రాజులు, కుట్రలు, ఎవరి తల ఎప్పుడు తెగుతుందో తెలీని కథ. కానీ 1996లో మొదలైన ఆ కథకి ఐదో పుస్తకం 2011లో వచ్చింది. ఆరోది ఇంకా రానేలేదు. అన్ని వేల పేజీలు చదివి నడిదారిలో నిలబడాలి.

"అన్నా, ఈ పద్నాలుగూ పూర్తి కథేనా?"

"పూర్తే. కాకపోతే చివరి మూడూ ఆయన పూర్తిచేసినవి కావు."

చేతిలో పుస్తకం అలాగే ఆగిపోయింది.

జోర్డాన్ రాసిన ఈ వరుసలో మొదటి పుస్తకం 1990లో వచ్చింది. తర్వాత ప్రాణం తీసే జబ్బు పట్టుకుంది. టైం లేదని తెలిసి, మిగతా కథ అయినవాళ్లకి చెప్పి, ఆఖరి ఘట్టం తానే రాసిపెట్టి, 2007 సెప్టెంబర్ 16న ఆయన కన్నుమూస్తే, ఆయన పుస్తకాలకి ఎడిటర్ కూడా అయిన భార్య హ్యారియెట్, బ్రాండన్ శాండర్సన్ అనే కుర్ర రచయిత రాసిన నివాళి చదివి, ఆ కాగితాలన్నీ తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఒక్కటి అనుకున్నది మూడైంది. 2013 జనవరిలో కథ ముగిసింది.

"ఇంకొకరు రాసిన ముగింపు నాకెందుకు?"

టపటపా చినుకులు మొదలయ్యాయి. డాబా మీంచి ఆరేసిన బట్టలు చంకన పెట్టుకుని అమ్మ దిగింది. స్కూల్లో తెలుగు టీచర్. సంగతి విని గుమ్మంలోనే ఆగింది.

"నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. మనం భారతం చదవడం మానేశామా?"

"అది వేరే అమ్మా."

"ఏం వేరే? విరాటపర్వం నుంచి తిక్కన అందుకున్నాడు. ఆ మధ్యలో మిగిలిపోయింది దాదాపు మూడొందల ఏళ్ల తర్వాత ఎర్రన పూర్తిచేశాడు. నన్నయ రాసినట్టే రాసి, నన్నయ గారి రాజుకే అంకితమిచ్చాడు."

హారన్ మళ్లీ మోగింది. ఈసారి ఆగలేదు.

అమ్మాయి రెండో పెట్టెలో చేతులు పెట్టి గబగబా వెతికింది. తొమ్మిది. పదకొండు. పన్నెండు దొరికింది. ‘ద గ్యాదరింగ్ స్టార్మ్’. అట్ట మీద రెండు పేర్లూ ఉన్నాయి. జోర్డాన్, శాండర్సన్.

"అన్నా! మార్టిన్‌ని పక్కింటికి ఇచ్చెయ్!"

ఆయన ఐదు పుస్తకాల పెట్టె భుజానికెత్తుకుని మెట్లు దిగాడు. వాన జోరందుకుంది. కిటికీలోంచి జల్లు లోపలికి కొడుతోంది. అమ్మాయి రెండో పెట్టె ఎత్తబోయింది. కదల్లేదు.

"అమ్మా, తడిసిపోతున్నాయి! ఓ చెయ్యి వెయ్యవూ!"