ఖైబర్ ముట్టడి

ముహమ్మద్ ప్రవక్త నాయకత్వంలో మదీనా ముస్లిం సైన్యం క్రీ.శ. 628 (హిజ్రీ 7)లో అరేబియాలోని హిజాజ్ ప్రాంతపు ఖైబర్ మీద జరిపిన దండయాత్ర. ఖైబర్ మదీనాకు ఉత్తరాన సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. నల్లటి లావా రాళ్ల పీఠభూమి నడుమ ఊటనీళ్లు పారే లోయలు, వాటిలో ఖర్జూర తోటలు, తోటల పైన గుట్టల మీద యూదులు కట్టుకున్న కోటలు ఉండేవి. తోటలకు ఎంత పేరో, కొత్తగా వచ్చినవారిని మంచాన పడేసే జ్వరాలకూ అంతే పేరు. యుద్ధం త్వరగానే ముగిసినా, చివర కుదిరిన పంట ఒప్పందం ఇస్లామీయ భూమి చట్టంలో శతాబ్దాల పాటు చర్చకు వచ్చింది.

పూర్వ చరిత్ర: ఖైబర్‌కు రక్షణ గోడలు కంచుయుగం నాటి నుంచే ఉన్నాయి. క్రీ.పూ. 2000 ప్రాంతంలో ఒయాసిస్సు చుట్టూ సుమారు 14.5 కిలోమీటర్ల గోడ ఉండేదని 2024లో పురావస్తు శాస్త్రవేత్తలు వెల్లడించారు. క్రీ.పూ. 6వ శతాబ్దపు బాబిలోనియా రాజు నబోనిడస్ తాను సంచరించిన అరేబియా ఊళ్లలో దీని పేరూ చెక్కించాడు. ఇస్లాం ఆవిర్భవించే నాటికి ఇక్కడ యూదులు స్థిరపడి, అరబ్బీ మాట్లాడుతూ ఖర్జూరం, ధాన్యం పండిస్తున్నారు.

కారణాలు: 625లో మదీనా నుంచి వెళ్లగొట్టబడిన బనూ నదీర్ అనే యూదు తెగ పెద్దలు కొందరు ఖైబర్ చేరారు. వారిలో హుయయ్ ఇబ్న్ అఖ్తబ్ వంటివారు మక్కా ఖురైషీలను, గతఫాన్ తెగను కూడగట్టి 627లో మదీనా మీదికి నడిపించారు. కందక యుద్ధంగా పేరుపొందిన ఆ ముట్టడి విఫలమైంది. 628 మార్చిలో హుదైబియా దగ్గర ఖురైషీలతో సంధి కుదరడంతో దక్షిణం నుంచి మదీనాకు భయం తీరింది. ప్రవక్త దృష్టి ఉత్తరానికి మళ్లింది. హుదైబియా నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చిన అనుచరులకు సిరిగల ఖైబర్ మీద ఆశ ఉండడమూ సహజమే.

దండయాత్ర: దీని వివరాలు ఎక్కువగా ఇబ్న్ ఇస్హాక్ (మ. 767), వాఖిదీ (మ. 823) రచనల నుంచి, హదీసు సంకలనాల నుంచి లభిస్తాయి. సైన్యం 1,400 నుంచి 1,600 మంది, గుర్రాలు సుమారు 200. గతఫాన్ సాయం రాకుండా సైన్యం వారికీ ఖైబర్‌కూ నడుమ విడిది చేసింది. గతఫాన్ వీరులు బయల్దేరి కూడా, తమ ఇళ్లమీద దాడి జరుగుతోందన్న అనుమానంతో వెనుదిరిగారు. తెల్లవారుజామున పారలు, బుట్టలు పట్టుకుని తోటలకు బయల్దేరిన రైతులు ఎదురుగా సైన్యాన్ని చూసి, కేకలు వేస్తూ కోటల్లోకి పరుగెత్తారు.

ఖైబర్ ఒకే కోట కాదు. నతాత్, షిఖ్, కతీబా అనే భాగాల్లో విడివిడిగా కోటలు ఉండేవి. వాటిని ఒక్కొక్కటిగా గెలవాల్సి వచ్చింది. తొలుత పడిన నాయిమ్ కోట దగ్గర పైనుంచి దొర్లించిన తిరగలి రాయి తగిలి ముస్లిం యోధుడు మహమూద్ ఇబ్న్ మస్లమా మరణించాడు. ముట్టడి సాగుతుండగా సైన్యానికి తిండి కరవైంది. ఆకలితో గాడిదలను కోసి వండుతుంటే ప్రవక్త ఆ మాంసాన్ని నిషేధించాడు, ఉడుకుతున్న కుండలనే బోర్లించారు. సఅబ్ కోట పడ్డాక బార్లీ, ఖర్జూరం, నెయ్యి, తేనె దొరికి ఆ కొరత తీరింది. జుబైర్ కోటకు నీళ్లు వెళ్లే దారి తెంచాకనే లోపలివారు బయటికొచ్చి పోరాడారని వాఖిదీ రాశాడు.

ఖమూస్ కోట పోరు అన్నిటికన్నా ప్రసిద్ధం. ముందు రోజుల్లో ఇతరులు విఫలమయ్యాక, కళ్లకలకతో బాధపడుతున్న తన అల్లుడు అలీని పిలిపించి ప్రవక్త జెండా అప్పగించాడు. యూదు వీరుడు మర్హబ్‌ను అలీ చంపాడని హదీసు కథనం. ఇబ్న్ ఇస్హాక్ మాత్రం ఆ ఘనత మహమూద్ సోదరుడు ముహమ్మద్ ఇబ్న్ మస్లమాకు ఇచ్చాడు. అలీ కోట తలుపునే డాలుగా పట్టుకుని పోరాడాడన్న గాథ షియాల భక్తి సాహిత్యంలో విస్తరించింది. హైదరాబాద్‌లోని మౌలాలి గుట్ట మీది దర్గా ఈ అలీ పేరున వెలసినదే.

బనూ నదీర్ నిధిని దాచాడన్న ఆరోపణపై కినానా అనే పెద్దను హింసించి చంపారని ఇబ్న్ ఇస్హాక్ కథనం. అతని భార్య, హుయయ్ కూతురు సఫియ్యా బందీగా చిక్కింది. తర్వాత ప్రవక్త ఆమెను వివాహమాడాడు. తన వారిని పోగొట్టుకున్న జైనబ్ బింత్ హారిస్ ప్రవక్తకు విషం కలిపిన మేక మాంసం వడ్డించగా, అది తిన్న అనుచరుడు బిష్ర్ మరణించాడు. సంప్రదాయ కథనాల లెక్కలో యూదులు 93 మంది, ముస్లింలు 20 మంది లోపు చనిపోయారు.

ఒప్పందం: చివరి కోటలైన వతీహ్, సులాలిమ్ ప్రాణరక్షణ షరతుతో లొంగిపోయాయి. ఖర్జూర సేద్యం తమకే బాగా తెలుసని, తోటలు తమ చేతికే వదిలితే సగం పంట ఇస్తామని యూదులు అడిగారు. ప్రవక్త ఒప్పుకున్నాడు, అయితే కోరినప్పుడు ఖాళీ చేయించే హక్కు ఉంచుకున్నాడు. గెలిచినవారిలో అన్ని తోటలు సాగుచేయగల మనుషులు లేరు గనుక ఇది ఇరువైపులా వివేకవంతమైన ఏర్పాటు. పోరాడినవారి భాగాన్ని 1,800 వాటాలు చేశారు: మనిషికి ఒకటి, గుర్రానికి రెండు. కాయ చెట్టు మీద ఉండగానే ప్రవక్త తరఫున అబ్దుల్లా ఇబ్న్ రవాహా వచ్చి దిగుబడి మదింపు వేశాడు. ఎక్కువ వేశావని వారంటే, రెండు సగాల్లో మీకు నచ్చిందే తీసుకోండన్నాడు. లంచం ఇవ్వజూపినా ముట్టలేదని చెబుతారు. పొరుగున ఉన్న ఫదక్ పోరాడకుండానే ఇవే షరతులకు లొంగింది.

తదనంతరం: రెండో ఖలీఫా ఉమర్ 640 దశకం తొలినాళ్లలో ఖైబర్ యూదులను పంపించివేశాడు, చాలామంది సిరియా వైపు వెళ్లారు. భూమిని సగపాలుకు ఇవ్వడం చెల్లదని న్యాయవేత్త అబూ హనీఫా అన్నప్పటికీ, ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ ఖైబర్ ఒప్పందాన్నే చూపి సమ్మతించాడు. 11వ శతాబ్దంలో బాగ్దాద్‌లో, ఖైబర్ యూదులకు ప్రవక్త, ముస్లిమేతరులపై వేసే జిజియా పన్ను మాఫీ చేశాడంటూ ఒక పత్రం బయటపడింది. గొప్ప పండితుడు ఖతీబ్ బాగ్దాదీ సాక్షుల పేర్లు చూడగానే అది బూటకమని తేల్చాడు: ఒక సాక్షి సఅద్ ఇబ్న్ ముఆజ్ ఖైబర్ యుద్ధానికి ముందే చనిపోయాడు, మరో సాక్షి ముఆవియా అప్పటికి ఇస్లాం స్వీకరించనే లేదు. తర్వాతి శతాబ్దాల్లో ఖైబర్ చిన్న వ్యవసాయ కేంద్రంగా మిగిలింది. ప్రస్తుతం ఇది సౌదీ అరేబియా మదీనా ప్రాంతంలో ఉంది.