ఫోటోయు, దాని పైవ్రాతయు

1924వ సంవత్సరము మే 7వ తేదీన అల్లూరి సీతారామరాజుగారు కొయ్యూరులో కాల్చి చంపబడిరి. మరునాడు కృష్ణదేవిపేటలో దహనము చేయకముందు ప్రభుత్వమువారు ఆ మృతదేహమునకు ఫోటో తీయించిరి. చనిపోయినది రాజే యని రుజువు కావలెను గదా!

కాని తీయించినవారి ఉద్దేశము చూచువారి కన్నులను కట్టివేయజాలదు. పోలీసువారికి నేరస్థుడుగా కనుపించినవాడే జనులకు వీరుడుగా కనుపించెను. చనిపోయినది రాజు కాడు, ఆయన తప్పించుకొనెను అని ఏండ్ల తరబడి చెప్పుకొన్నవారును కలరు. నమ్మదలచనివానికి ఫోటో ఏమి రుజువు చూపగలదు?

ఇప్పుడు మన పిల్లలను రాజుగారి బొమ్మ వేయుమనిన, కాషాయ వస్త్రములు, గడ్డము, చేతిలో విల్లు వేయుదురు. వారి మనస్సులోని ముఖము 1974లో వచ్చిన సినిమాలోని కృష్ణగారిది కావచ్చును. 1922 ఆగష్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై రాజుగారు పడినది తుపాకుల కొరకే. అయినను విగ్రహములందు విల్లే నిలిచెను. 2022లో పాడేరు ముఖ్యపట్టణముగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టిరి గనుక ఆ విల్లు ఇక దిగదు.

నాణెము చూపించి ప్రభువు అడిగినప్పుడు రూపమును గూర్చి మాత్రమే అడుగలేదు, పైవ్రాతను గూర్చియు అడిగెను. మద్రాసు మ్యూజియమునకు అధికారియైన థర్‌స్టన్ దొరగారు దక్షిణ దేశపు కులములను, తెగలను గూర్చి 1909లో ఏడు సంపుటములు ప్రచురించిరి. జనుల తలలు, ముక్కులు కొలిచిన దొర ఆయన. అందలి ఫోటోలలో చాలవాటి క్రింద మనిషి పేరుండదు, తెగ పేరే యుండును. చదువుకొన్నవారు ఆ పుటలలో ఒక జాతిని చూతురు. ఆ మనిషి మనుమడు చూచినయెడల తాతను చూచియుండును.

ఇది దొరల తప్పు మాత్రమే యని మేము అనజాలము. ఈ సంచిక కొరకు పాత ఫోటోలు పోగుచేయునప్పుడు ఒక దాని క్రింద మేమే, "దొరగారు, దొరసానిగారు, మరికొందరు" అని వ్రాసితిమి. కుర్చీలలో కూర్చున్నవారు ఇద్దరు, వెనుక నిలుచున్నవారు తొమ్మండుగురు. సంఘములోని ఒక వృద్ధురాలికి దానిని చూపించి దొరగారిని గుర్తుపట్టుదువా యని అడిగితిమి. ఆమె దొరగారి వైపు చూడనే లేదు. వ్రేలు తిన్నగా అంచుననున్న మనిషి మీదికి పోయెను.

"ఈడు మా తాత అయ్యగారూ. దొరోరి డోలీ మోసీవోడు. కింద ఏటి రాసినారు?"

చదివి వినిపించితిమి. ఆమె కొంతసేపు మాటలాడలేదు.

"అయితే మా తాతకి పేరు నేదేటి?"

ఆ రాత్రి "మరికొందరు" అను మాటను కొట్టివేసి, ఆమె చెప్పిన పేరు వ్రాసితిమి. తక్కిన ఎనమండుగురి కొరకు క్రింద ఖాళీ విడిచితిమి. ఆ ఫోటో ఆరాధన తరువాత గుడి వరండాలో బల్లమీద నుండును. ఎరిగినవారు వచ్చి చెప్పగలరు.