దేవిడీ గోడ, గూడెం గోడ

పాతబస్తీకి వచ్చిన మన పిల్లలు ముందుగా చూసేవి చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా. వాటి చుట్టూ ఉన్న ఇరుకు సందుల్లో ఒకప్పుడు ఎన్నో దేవిడీలు ఉండేవి. దేవిడీ అంటే కోట కాదు, నిజాం కొలువులో పెద్ద హోదా ఉన్న కుటుంబం తరతరాలుగా కాపురమున్న ఇల్లు. అలాంటి ఒక ఇంటి కథ ఈ సంచికలో చెబుతున్నాను. గొప్పవాళ్ళ ఇంటితో మనకేం పని అనుకోకండి. ఆ కథ చివరికి మన గూడేనికీ, తండాకూ వచ్చి ఆగుతుంది.

మాల్వాలా దేవిడీ

చార్మినార్ దగ్గర 1845లో కట్టిన ఇల్లు ఇది. మాల్వాలాలు మాథుర్ కాయస్థులు. నిజాం ప్రభుత్వంలో భూమి శిస్తు దస్తరాలు వంశపారంపర్యంగా వాళ్ళ చేతిలో ఉండేవి. ఆ ఇంటికి పేరు తెచ్చింది కర్ర పని. చెక్కిన కర్ర స్తంభాలు, వాటి మధ్య అంచులు వంపులు తిరిగిన కమానులు, లోపల ముంగిళ్ళు. రాజస్థాన్ పద్ధతీ మొగలు పద్ధతీ అందులో కలిసిపోయాయి.

దేవిడీల కట్టడంలో ఒక లెక్క ఉంది. వీధి వైపు ఎత్తైన గోడ, పెద్ద దర్వాజా. లోపలికి వెళితే ఆకాశం కనిపించే ముంగిలి, దాని చుట్టూ వసారాలు, వాటి వెనక గదులు. బయటివాళ్ళు వచ్చి కూర్చునే మర్దానా వేరు, ఆడవాళ్ళుండే జనానా వేరు. రాయీ డంగు సున్నంతో కట్టిన మందపాటి గోడలు పగటి వేడిని తొందరగా లోపలికి రానివ్వవు. ముంగిట్లోంచి వేడిగాలి పైకి పోతుంది. కరెంటు లేని రోజుల్లో ఎండాకాలం గడిచింది ఇలాగే.

జాబితాలో పేరుంది, ఇల్లు లేదు

హైదరాబాద్‌లో పాత కట్టడాల రక్షణ కోసం 1995లో హుడా నిబంధనల్లో 13వ నిబంధన చేర్చారు. జాబితాలో ఉన్న కట్టడాన్ని అనుమతి లేకుండా కూల్చకూడదు, మార్చకూడదు. మాల్వాలా దేవిడీకి కూడా వారసత్వ కట్టడమన్న గుర్తింపు ఉంది. అయినా 2000 సంవత్సరంలో దాన్ని కూల్చేశారు. ఆ చోట దుకాణాల సముదాయం లేచింది. 2015లో ఆ 13వ నిబంధననే తొలగించారు. తర్వాత 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది.

సాలార్‌జంగ్‌ల దివాన్ దేవిడీది ఇంకో కథ. 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం మొదలైంది అక్కడే. 1968లో మ్యూజియం ఇప్పటి భవనానికి మారింది. పాత దేవిడీలో మిగిలినవి ముఖ్యంగా దర్వాజాలు. ఈ రోజు దివాన్ దేవిడీ అంటే జనానికి గుర్తొచ్చేది బట్టల బజారు.

ఇలాంటి ఇళ్ళు పోవడానికి కారణాలు మనకూ తెలిసినవే. కుటుంబాలు చీలతాయి, మరమ్మతు ఖర్చు పెరుగుతుంది, జాగాకు ధర వస్తుంది, సున్నం పనీ కర్ర పనీ తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతారు. జాబితా ఇంటి పేరును కాపాడింది. ఇంటిని కాపాడాలంటే దాన్ని నిలబెట్టే చేతులు కావాలి.

మన ఇంటి లెక్క

ఇప్పుడు అమ్మమ్మ ఇంటిని గుర్తు చేసుకోండి. నేలలో పాతిన గుంజలు, వెదురు తడిక, దాని మీద మట్టీ పేడా కలిపి మెత్తిన గోడ, పైన గడ్డి కప్పు లేదా గూన పెంకులు. చూరు కిందికి ఎందుకు దింపుతారు? వాన మట్టిగోడను తాకకుండా. పొయ్యి పొగ కప్పుకు పట్టడం ఎందుకు మంచిది? వెదురునూ గడ్డినీ పురుగు తినకుండా. ముందు వసారా చుట్టాలకు, లోపలి మూల దేవుడికి, అటుక గింజలకు. దేవిడీలో ఉన్నట్టే ఇక్కడా ప్రతిదానికీ ఒక కారణం ఉంది.

తేడా ఒక్కటే. దేవిడీని వందేళ్ళు కదలకుండా ఉండాలని కట్టారు. మన ఇంటిని ఏటా మళ్ళీ మళ్ళీ చేసుకుంటారు. పండుగకు ముందు ఆడవాళ్ళు గోడ మెత్తి అలుకుతారు, ముగ్గులు పెడతారు, కప్పు గడ్డి మారుస్తారు. అందుకే మన ఇంటి వారసత్వం గోడలో లేదు, గోడ మెత్తే చేతిలో ఉంది. ఒక తరం ఆ పని నేర్చుకోకపోతే, ఎవరూ కూల్చకుండానే ఆ ఇల్లు పోతుంది.

సిమెంటు ఇల్లు వద్దని నేననను. వానకు కారని ఇల్లు, పాము రాని ఇల్లు మన తల్లులు కోరుకోవడం న్యాయమే. ఆ ఇల్లు కట్టే ముందు పాత ఇంటి లెక్క రాసిపెట్టుకున్నామా అన్నదే నా ప్రశ్న.

మార్లవాయి నుంచి లండన్‌కు

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత, నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల అధ్యయనానికి హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయనా భార్య బెట్టీ ఎలిజబెత్తూ మార్లవాయి గూడెంలో పూరింట్లో కాపురమున్నారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని కనుక నాకు ఆ సంగతి మరీ దగ్గరగా అనిపిస్తుంది. ఏటా జనవరి 11న మార్లవాయిలో ఆ దంపతులను స్మరించుకుంటారు.

ఆయన తీసిన ఫొటోలూ ఫిల్ములూ లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థ దగ్గర భద్రంగా ఉన్నాయి. అంటే మన తాతల ఊళ్ళ ఆనవాళ్ళు చూడాలంటే లండన్ భాండాగారం వైపు చూడాలి. ఆయన రాసుకున్నందుకు కృతజ్ఞత చెప్పాలి. మనం రాసుకోనందుకు సిగ్గుపడాలి కూడా.

అప్పుడు మన దగ్గర కెమెరా లేదు. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉంది. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో మిగిలిన పాత ఇంటిని నాలుగు వైపులా ఫొటో తీయండి. టేపు పెట్టి కొలవండి. గుంజకూ దూలానికీ చూరుకూ మన భాషలో పేర్లేమిటో అడిగి రాసుకోండి. ఏ చెట్టు కర్ర వాడారో, ఏ నెలలో కొట్టారో తాతను అడగండి. మట్టిలో ఎంత పేడ కలపాలో అమ్మమ్మను అడగండి. అడిగి ఊరుకోకుండా ఒక గోడైనా మీ చేత్తో మెత్తండి.

మాల్వాలా దేవిడీని కాపాడలేకపోయినా, దాని ఊసు రాసుకున్నవాళ్ళున్నారు. అందుకే ఈ రోజు నేను మీకు చెప్పగలిగాను. మీ అమ్మమ్మ ఇంటి గురించి రేపు మీ పిల్లలు అడిగితే, చెప్పడానికి మీ దగ్గర ఏముంటుంది?